నాలుగు వేళ్ల ఖాళీ

మా జెంబురుకా బావ మనుషుల్ని వేళ్లతో తూస్తాడు. బండిలో ఎవరు ఎక్కినా వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని, కమాన్ కట్టకీ పైన ఉండే రబ్బరు దిమ్మకీ మధ్య ఖాళీలో చెయ్యి దూర్చి చూస్తాడు. నాలుగు వేళ్లు పడితే బరువు సరిగ్గా ఉన్నట్టు. మూడే పడితే ఎవర్నో దింపాలి, లేకపోతే నీళ్ల డబ్బా తీసెయ్యాలి. నన్ను చూసినప్పుడల్లా, "నువ్వెక్కితే వేలున్నర దిగుతుంది, మరదలా. ఆవు కొమ్ముల్లా చుట్టిన ఆ తలపాగా తీసేస్తే ఒక వేలు," అంటాడు. మేనమామ కొడుకు కదా, ఆ మాట అనే హక్కు అతనికి ఉంది. నాకూ ఉంది. "నీ నాలుక కోసి పారేస్తే బండి ఇంకా తేలికవుతుంది," అంటాను నేను.

మా ఊరు ఒపువోలో పెట్రోలు బంకు వెనక అతని రేకుల షెడ్డు. ఎక్కడెక్కడి నుంచో తెల్లవాళ్లు బండ్లు వేసుకుని వస్తారు. కొందరి బండి మనిషెత్తున లేచి ఉంటుంది, కమాన్లు రైలు పట్టాల్లా ఉంటాయి. రాళ్ల మీద భేషుగ్గా ఎక్కుతుంది గానీ, మా కంకర రోడ్ల మీద రెండు రోజులు తిరిగేసరికి లోపలివాడి పేగులు నోట్లోకి వస్తాయి. ఇంకొందరిది పరుపులాంటి బండి. వెయ్యి కిలోమీటర్లు నిద్రపోతూ వచ్చి, మొదటి బండరాయి మీదే పొట్ట ఆనించి కూలబడుతుంది. వీళ్లిద్దర్నీ బావ ఒకే తీరున తిడతాడు.

"ఒకడేమో కొండ ఒక్కటే ఉందనుకుంటాడు. ఇంకొకడేమో రోడ్డు ఒక్కటే ఉందనుకుంటాడు. మధ్యలో మనిషి కూచుంటాడని ఒక్క వెధవకీ తోచదు," అంటాడు.

అతని సొంత బండి ముప్ఫై ఏళ్ల నాటిది. దాని కట్టల్లోంచి దళసరి పట్టీలు రెండేసి తీసేసి, పొడుగాటి పల్చటి పట్టీలు వేశాడు. మలుపుల్లో బండి ఊగకుండా పట్టే కడ్డీకి చేత్తో లాగితే ఊడొచ్చే మేకులు పెట్టాడు. రోడ్డు మీద మేకులు బిగించి ఉంటాయి, బండి కుదురుగా పోతుంది. రాళ్ల దగ్గర మేకులు లాగేస్తే ఒక్కో చక్రం తన గుంటలోకి తను దిగుతుంది. అన్నీ అయ్యాక వెనక చెక్క మీద చెంబు నిండా పులిసిన పాలు పెట్టి, ఏటిదాకా తోలి వెనక్కి తెస్తాడు. చుక్క తొణికితే మళ్లీ కమాన్లు విప్పడమే. నేను బడి హాస్టల్లో వంటమనిషిని. ఆ పాలు ఇచ్చేదీ నేనే, తొణికిన చెక్క కడగలేక సణిగేదీ నేనే.

అతను మొదటి నుంచీ ఇలాంటివాడు కాదు. ఒకప్పుడు ఈ జిల్లా మొత్తంలో అతని బండంత గట్టి బండి లేదు. పెళ్లాం వెకోంజా బండి ముందు వెనక్కి తిరిగి నడుస్తూ చేతులతో దారి చూపేది. ఆమె చెయ్యి ఎటు తిరిగితే స్టీరింగు అటు తిరిగేది. చేతులకి ఎప్పుడూ గ్రీజే. ఐదేళ్ల కింద కనుమకి అవతల మైదానంలో ఉండగా ఆమెకి కడుపులో ఏదో తెగింది. బావ ఆమెని బండిలో వేసుకుని కనుమ గంటన్నరలో దాటించాడు, అంత తక్కువలో ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఆ తర్వాత నూట ఎనభై కిలోమీటర్ల కంకర రోడ్డు, రేకుల్లా మడతలు పడ్డ రోడ్డు. ఒపువో ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా ఆమె ప్రాణం బండిలోనే పోయింది.

అప్పటి నుంచి కమాన్లు మెత్తబరచడం మొదలుపెట్టాడు. ఆమె చనిపోయిందన్న మాట మాత్రం అతని నోట నేను ఒక్కసారీ వినలేదు. ఎవరైనా అడిగితే "వెకోంజా రాలేదు," అనేవాడు. తెలియనివాళ్లు ఊరెళ్లిందనుకునేవాళ్లు. తెలిసినవాళ్లం నోరు మూసుకునేవాళ్లం. అక్కడే మేం తప్పు చేశామని ఇప్పుడు అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం మా పెదనాన్న ముతాంబోని రాజధాని విండ్‌హూక్ ఆసుపత్రి నుంచి ఇంటికి తేవలసి వచ్చింది. ఎముకల జబ్బు. తొడ ఎముక దానంతటదే విరిగింది. ఇంక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. పెదనాన్న మా వంశపు నిప్పుకి పెద్ద. ఆ నిప్పు కనుమకి అవతల, మావాళ్లు ఆవులతో ఉండే కొట్టంలో ఉంది. నిప్పు పట్టుకున్నవాడు దాని ముందు కూచుని, నేను ఫలానా, ఫలానా వాడి కొడుకుని, దీన్ని ఫలానా వాడికి ఇస్తున్నాను అని తన నోటితో చెప్పి కన్ను మూయాలి. చెప్పకుండా పోతే నిప్పు ఆరిపోయినట్టే. ఆ ఇంటి ఆవుల పాలు ఎవరూ ముట్టరు, అక్కడున్న మావాళ్లు పదకొండు మంది పదకొండు దిక్కులు పడతారు. అక్కడ మా తమ్ముడు కావారీ ఎదురు చూస్తున్నాడు. అంబులెన్సు అంత దూరం రానంది.

"తొమ్మిది వందల కిలోమీటర్లు, చివర్లో కనుమ. గట్టిగా ఒక్క కుదుపు తగిలినా ప్రాణం పోతుందంటున్నారు. నీ వల్ల అవుతుందా, అవదా? అవదంటే ఇప్పుడే చెప్పు," అన్నాను బావతో.

గొంతుక్కూచుని కమాన్ కట్ట తడిమి చూశాడు. "వారం ఇవ్వు," అన్నాడు.

ఆ వారంలో బండి వెనక లారీ ట్యూబు పట్టీలతో, ఎద్దుతోలు తాళ్లతో మంచాన్ని వేలాడగట్టాడు. మంచం మీద నన్ను పడుకోబెట్టి గుంటల్లో తిప్పాడు. నా తలపాగా కొమ్ము వంగిపోయింది, నేను తిట్టిన తిట్లు బంకు దాకా వినిపించాయి. కానీ ఒళ్లు నొప్పి పుట్టలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తారు రోడ్డు మీద పెదనాన్న నిద్రపోయాడు. దారిలో కమంజాబ్ ఊరి దగ్గర లేచి సంకటి తిన్నాడు. ఆగినచోటల్లా నిప్పు ముందు చెప్పవలసిన మాటలు బళ్లో పిల్లాడిలా వల్లె వేసుకునేవాడు. "నేను ముతాంబోని, కరాంబో కొడుకుని. నిప్పుని కావారీకి ఇస్తున్నాను." ఒపువో దాటి కంకర రోడ్డెక్కాక బావ టైర్లలో కొంత గాలి తీశాడు. అయినా నొప్పి మొదలైంది. పెదనాన్న పళ్లు బిగించి మూలిగేవాడు. ఒక్కో మూలుగుకీ బావ మెడ నరాలు ఉబ్బేవి. బండి నత్తలా నడిపాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నానికి కనుమ మొదట్లో ఉన్న రాళ్ల కుప్ప దగ్గరికి చేరాం.

ఆ కుప్ప కింద ఎవరున్నారో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లు అంటాం, అంతే. అక్కడ ఆగాలి, ఒక రాయి వేయాలి, బండి తోలేవాడు లోపల ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలవాలి. పిలిచినవాళ్లని పెద్దలు దాటనిస్తారు. పిలవనివాళ్ల సంగతి మేం మాట్లాడుకోం. టైర్లలో గాలి సగానికి తీసేదీ, కడ్డీ మేకులు లాగేదీ అక్కడే. నేను రాయి వేసి, అవతలి వైపు టైరు దగ్గర కూచుని గాలి తీస్తున్నాను. టైరు బుస్సుమంటోంది. బావ పేర్లు పిలవడం ఆ చప్పుడులోంచి వినబడింది. ఏ పేర్లో తెలియలేదు గానీ మూడు పిలిచాడు. ముగ్గురమే కదా, సరిపోయింది అనుకున్నాను.

కనుమలో మొదటి మెట్టు ఎక్కాక వీచే గాలి పడిపోయింది. పొద్దున్నుంచి పెదనాన్న ముఖం మీద ముసిరిన ఈగలు ఒక్కటి కూడా లేవు. పిట్ట కూత లేదు. బావ అలవాటు ప్రకారం దిగి ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి దూర్చాడు. తీశాడు. మళ్లీ దూర్చాడు.

"ఏమైంది?" అన్నాను.

"మూడే పడుతున్నాయి."

"పట్టీ విరిగిందేమో చూడు."

కిందికి దూరి ప్రతి పట్టీ తడిమాడు. ఏదీ విరగలేదు. కుడివైపు నాలుగు వేళ్లు సరిగ్గా ఉన్నాయి. కుప్ప దగ్గర చూసినప్పుడు రెండు వైపులా నాలుగే ఉన్నాయని నా ముందే అన్నాడు. నీళ్ల డబ్బాలు కదల్లేదు, నేను ముందు సీట్లో కూచున్నాను. ఒక మనిషి ఎక్కితే ఎంత దిగాలో అంతే దిగింది.

అప్పుడు గమనించాను, పెదనాన్న మూలగడం లేదు. వెనక్కి వెళ్లి చూస్తే హాయిగా పడుకుని ఉన్నాడు.

"నొప్పి తగ్గిందా పెదనాన్నా?"

"తగ్గింది తల్లీ. ఈ అమ్మాయి కాలు కదలకుండా పట్టుకుందిగా."

"ఏ అమ్మాయి?"

"ఇదిగో, ఇక్కడ కూచుందిగా. పేరడిగితే చెప్పదు. చేతులకి గ్రీజు తుడుచుకోమని చెప్పు, దుప్పటి పాడవుతుంది."

దుప్పటి వంక చూశాను. దాని మీద మరకేమీ లేదు. మంచం ఎడమ అంచు మాత్రం ఎవరో కూచున్నట్టు కిందికి వంగి ఉంది. బండి ఆగే ఉంది, తోలు తాళ్లు మాత్రం కిర్రు కిర్రుమంటున్నాయి.

"పెదనాన్నా, నిప్పు ముందు ఏం చెప్పాలో ఒకసారి చెప్పు," అన్నాను. ఏదో ఒకటి మాట్లాడించాలని.

"నేను..." అని ఆగాడు. పెదవులు కదిలాయి. "నేను..." కళ్లు నా వైపు తిప్పాడు. "నేనెవర్ని, బెర్తీనా?"

నా పేరు గుర్తుంది. నిన్నటి సంకటి గుర్తుంది. తన పేరు లేదు. కరాంబో కొడుకువి, ముతాంబోవి అని నేను చెప్పాను. ఎవరో పొరుగూరివాళ్ల గురించి విన్నట్టు విని తలూపాడు. ఆ పేరు పలకబోతే నోట్లోంచి గాలే వచ్చింది. మనిషి ప్రాణంతో చేరతాడు, నిప్పు ముందు కూచుంటాడు, కానీ ఎవరని చెబుతాడు?

పరుగున బావ దగ్గరికి వెళ్లాను. "కుప్ప దగ్గర ఎవరెవర్ని పిలిచావు?"

"మనల్నే."

"పేర్లు చెప్పు!"

"జెంబురుకా, వెకోంజా, బెర్తీనా," అన్నాడు. చెప్పేసి మామూలుగానే నా ముఖంలోకి చూశాడు. అప్పటికీ తట్టలేదు అతనికి. పదిహేనేళ్లు ఆ కుప్ప దగ్గర అదే పేరు రెండోది. ఆమె పోయాక అతను కనుమకి రావడం ఇదే మొదలు. నోరు దానంతటదే పలికేసింది.

"నీ నోరు పడిపోను! లేనిదాన్ని పిలిచి, ఉన్నవాణ్ణి వదిలేశావా?"

అప్పుడు తెలిసింది. తెలిసి, నేను అనుకున్నట్టు భయపడలేదు. తల తిప్పి బండి వెనక వైపు చూశాడు. "పై మెట్టు ఎక్కనీ, తర్వాత చూద్దాం. ఇక్కడ బండి నిలవదు," అన్నాడు.

పై మెట్టు నడుమెత్తు బండ. దాన్ని ఎక్కాలంటే ముందు ఎవరో నిలబడి దారి చూపాలి. నేను గౌను ఎత్తిపట్టుకుని బండ మీద నిలబడ్డాను. నాకు వచ్చిందల్లా కుడి, ఎడమ, ఆగు. బావ చిన్న గేరు వేశాడు. నేను కుడి అని చెయ్యి ఊపాను. బండి ఎడమకి తిరిగింది. ఆగు అన్నాను. ఆగలేదు. అప్పుడు చూశాను, అతని కళ్లు నా మీద లేవు. నాకు రెండడుగుల పక్కన, ఖాళీగా ఉన్న బండ మీద ఉన్నాయి. కళ్లు అటూ ఇటూ కదులుతున్నాయి, స్టీరింగు వాటితోపాటు తిరుగుతోంది. ఒక చక్రం గాల్లోకి లేచింది, మెల్లగా దిగింది. బండి మెట్టెక్కేసింది. వెనక పెదనాన్నకి తెలియను కూడా తెలియలేదు.

బావ నవ్వుతున్నాడు. ఐదేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, భయమూ వేసింది, అన్నిటికన్నా కోపం ఎక్కువొచ్చింది.

"వెనక్కి నడిచి వెళ్లు. బండి ఇక్కడ తిరగదు, నువ్వు తిరగగలవు. కుప్ప దగ్గర పేర్లు సరిగ్గా చెప్పి రా."

"ముసలాయనకి నొప్పి లేదుగా, బెర్తీనా. ఇలాగే పోనీ. ఆయన ప్రాణంతో చేరతాడు."

"ప్రాణం ఎవడికి కావాలయ్యా! పేరు కావాలి. పేరు లేనివాడు నిప్పు ఎవరికిస్తాడు?"

"అక్కడికి వెళ్లి ఆమె లేదని నేను చెప్పలేను."

"మా పెదనాన్నని పోగొట్టి నీ పెళ్లాన్ని ఇంటికి తీసుకుపోతావా? అక్కడ పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముఖం చూసి ఈ మాట అను, నేను ఒప్పుకుంటాను."

అతను మంచం అంచు వంక ఒకసారి చూశాడు. టోపీ తీసి సీట్లో పెట్టి, ఎండలో కిందికి నడవడం మొదలుపెట్టాడు.

నేను ఎడమ చక్రం దగ్గర నేల మీద కూలబడ్డాను. కమాన్ కట్ట మీది ఖాళీలో చెయ్యి పెట్టి అలాగే ఉంచాను. మూడు వేళ్లు. ఇనుము ఎండకి కాలాలి, చల్లగా ఉంది. పైన తాళ్లు కిర్రుమంటూనే ఉన్నాయి. పెదనాన్న ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు, మధ్యలో ఆగి వింటున్నాడు. వినడానికి నాకు ఏమీ లేదు.

"అక్కా, నువ్వేనా?" అన్నాను. "నువ్వంటే నాకు ప్రాణం. నీకు తెలుసు. కానీ దిగు. ఆ చోటు ఆయనది."

తాళ్లు ఆగాయి. అంతే, ఇంకేమీ జరగలేదు. వేళ్లు మూడే. నీడ నా మోకాలి దగ్గర నుంచి పాదం దాకా జరిగింది. చెయ్యి తిమ్మిరెక్కింది, తియ్యడానికి ధైర్యం చాల్లేదు. పైనుంచి ఎవరో నన్నే చూస్తున్నారని ప్రతి నిమిషం అనిపించింది. తలెత్తి చూడలేదు, ఒట్టు.

ఎంతసేపటికో బండి చిన్నగా కదిలింది. కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి జరిగిన చప్పుడైంది. నా వేళ్ల మీది బిగువు తగ్గింది. నాలుగో వేలు దానంతటదే లోపలికి పోయింది.

పైన పెదనాన్న కెవ్వున అరిచాడు. అట్టాంటి ఇట్టాంటి అరుపు కాదు, కొండ రెండు వైపులా మారుమోగింది. "కాలు! బెర్తీనా, నా కాలు! ముతాంబోని చంపేస్తున్నారే, కరాంబో కొడుకుని చంపేస్తున్నారే!"

ముసలాయన నొప్పితో గిలగిల్లాడుతుంటే నేను బండి పట్టుకుని నవ్వాను. సిగ్గులేని పనే. అంత సంతోషం నా జన్మలో ఎరగను. తర్వాత ఎక్కి ఆయన కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను, దారంతా అలాగే పట్టుకున్నాను. నా చేతులు అంత బాగా పట్టలేకపోయాయి.

బావ వచ్చేసరికి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. అవతలి దిగుడులో బండిని తమలపాకు మీద నడిపినట్టు నడిపాడు. పొద్దు వాలకముందే కొట్టం చేరాం. మంచంతో సహా పెదనాన్నని నిప్పు ముందు దింపాం. నేను ముతాంబోని, కరాంబో కొడుకుని అన్నాడు, కావారీ పేరు చెప్పాడు, పాలు రుచి చూసి వాడి చేతికిచ్చాడు. మూడు రోజులకి పోయాడు. ఆవులు మంద దాటకుండా ఉన్నాయి, పదకొండు మందీ ఉన్నారు.

అంత్యక్రియలయ్యాక తిరుగు ప్రయాణానికి బావ బండి కింద పడుకుని కడ్డీ బిగిస్తున్నాడు. నాలుగు రోజులుగా ఎవరితోనూ ఒక్క మాట లేదు. నేను పక్కన కూచున్నాను.

"కుప్ప దగ్గర ఏం చెప్పావు బావా?"

"చనిపోయిందని చెప్పాను."

ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. "అంత చెప్పడానికి అంతసేపా?"

"ముందు ఆమెని ఒకటి అడిగాను." పానా ఆగింది. "ఆవేళ ఆ కంకర రోడ్డు పొడుగునా ఒక్కసారి కూడా అమ్మా అనలేదు, బెర్తీనా. ముసలాయన ప్రతి రాయికీ మూలిగాడు కదా, మూలిగినప్పుడల్లా నేను నెమ్మది చేశాను. ఆమె అనలేదు. అనలేదు కాబట్టి నొప్పి లేదనుకుని, అంత వేగం తోలాను. ఎందుకు చెప్పలేదే అని అడిగాను."

"చెప్పిందా?"

"చెప్పింది." అతని ముఖం బండి కింద నీడలో ఉంది, నాకు కనబడలేదు. "'నువ్వు కట్టిన బండి నన్ను కుదిపేస్తోందని నీతో ఎలా చెప్పను' అంది."

పానా మళ్లీ కదిలింది. అతను నట్టు బిగిస్తూనే ఉన్నాడు. అది ఎప్పుడో బిగిసిపోయింది.